పంటితో వినే తిమ్మప్ప

హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద ఉన్న తిమ్మప్ప షెడ్డు ముందు ఆ ఎర్ర కారు వచ్చి ఆగినప్పుడు చుట్టుపక్కల అంగళ్ల వాళ్లంతా పని వదిలేసి వచ్చి మూగారు. రెండే సీట్లు. నేలకు ఆనుకుని పాకుతున్నట్టు ఎత్తు. పైకప్పు గొడుగులాగా మడిచి వెనక్కి వేసుకోవచ్చు. ఎప్పటిదో విదేశీ స్పోర్ట్స్ కారు. ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే భాస్కరయ్య బెంగళూరులో ఒక ముసలాయన దగ్గర ముచ్చటపడి కొన్నాడు. వచ్చినవాళ్లు రంగు చూశారు, చక్రాలు చూశారు, సీటు మీద చెయ్యి వేసి చూశారు. తిమ్మప్ప మాత్రం భయపడ్డాడు. కారును చూసి కాదు. ఆగేముందు ఇంజను ఏదో అన్నది. అదేమన్నదో ఆయనకు అందలేదు.

అందకపోవడమంటే తిమ్మప్పకు చిన్న సంగతి కాదు. ఆయన బతుకంతా చెవి మీదే నడిచింది. రొళ్ల దగ్గర వాళ్ల నాయనకు పొలం ఉండేది. అప్పట్లో బావుల మీద ఆయిలింజన్లు. గట్టు మీద కూచుని ఈ పిల్లోడు పడమటి బావి ఇంజను దగ్గుతోందనీ, పక్క చేనువాళ్ల ఇంజనుకు నీళ్లు అయిపోతున్నాయనీ చెప్తే పెద్దవాళ్లు నవ్వేవాళ్లు. పోయి చూసి వచ్చి నవ్వు మానేసేవాళ్లు. తర్వాత పొలం అన్నదమ్ములకు వదిలేసి హిందూపురం వచ్చాడు, ఒకరి కింద పని నేర్చుకున్నాడు, సొంత షెడ్డు వేసుకున్నాడు. బానెట్ ఎత్తకముందే జబ్బు చెప్తాడని పేరొచ్చింది. ఆ పేరే తిండి పెట్టింది, అమరాపురం నుంచి గౌరిని తెచ్చి పెళ్లి చేసింది, కొడుకు అనిల్ కుమార్‌ను చదివించింది. కొడుకు ఇప్పుడు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. "మా కాడ ఇంజన్ను ఎవురూ ఇనరు నాయనా, కంప్యూటర్లో చూస్తారు" అన్నాడొకసారి. కొత్త బండ్లన్నీ అలా కంప్యూటర్ల వైపు పోయాయి. తిమ్మప్పకు మిగిలినవి పాత బండ్లు. పాత బండికి తగిలించడానికి ఏ వైరూ ఉండదు. చెవే దిక్కు.

పోయిన ఎండాకాలం నుంచి ఆ చెవి మోసం చేస్తోంది.

మొదట కుక్కర్ విజిల్ పోయింది. తర్వాత ఫోను రింగు. తర్వాత గౌరి గాజులు. లారీ, డప్పు, అరుపు అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. లావు శబ్దాలు మిగిలి, సన్నవి జారిపోయాయి. ఎవరికీ చెప్పలేదు. మొగుడు మాట వినిపించుకోకపోవడం ఏ ఇంట్లోనూ వింత కాదు గనక గౌరి కూడా అనుమానపడలేదు. పొడుగాటి టెస్టర్ పిడిని పళ్ల మధ్య బిగపట్టి, కొనను ఇంజనుకు ఆనిస్తే శబ్దం ఎముకలోంచి తలలోకి ఎక్కుతుందని ఆయన ఈ మధ్యే కనిపెట్టాడు. అప్పట్నుంచి పంటితోనే వింటున్నాడు. పక్కనే పంక్చర్ల అంగడి ఎర్రప్పకు ఇదంతా వేడుక.

"ఏమబ్బా తిమ్మప్పా, ఇంట్లో ముద్ద పెట్టలేదా? టెస్టర్ నములుతాండావు."

"పంటితో ఇంటే లోపల్ది ఇనపడతాదిలే. నీకేం తెలుసు, గాలి కొట్టుకునేవాడివి."

ఎర్రప్ప నవ్వి వెళ్లిపోయేవాడు. తిమ్మప్ప టెస్టర్‌ను గుడ్డ కింద దాచేవాడు. చెవిటి మెకానిక్ దగ్గరికి ఎవడు బండి తెస్తాడు? ఈ మాట ఒక్క నోట పడితే సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది, మర్నాటికి ధర్మవరం చేరుతుంది. ఈ వయసులో మళ్లీ రొళ్లకు పోయి తమ్ముళ్ల చేలో కూలికి నిలబడాలా?

భాస్కరయ్య తాళాలు చేతిలో పెట్టాడు.

"పండగైనకాడ్నుంచి ఇదే పాట తిమ్మప్పా. నిలబెట్టి ఉంచితే బాగానే ఉంటాది. కాస్త తొక్కితే చాలు, ఎక్కిళ్లు. మొన్న పెనుకొండ కాడ ఎత్తెక్కలేక ఆగిపోయింది. వెనకంతా లారీలు. నా పానం పోయిందనుకో."

"పండక్కి ముందు ఎట్లుండె శెట్టీ?"

"వెన్న మాదిరి పోతాండె. ఎవురి కన్నో పడింది. ఆయుధపూజ నాడు మా అమ్మ దిష్టికి ఒక దారం కట్టింది. ఎక్కిళ్లు మొదలైనాక ఒకటి చాలలేదని ఇంకోటి కట్టింది. ఊహూ, ఇంకా ఎక్కువైంది."

తిమ్మప్ప బానెట్ ఎత్తాడు. లోపల పండగ ఇంకా దిగలేదు. గాలి డబ్బా మీద కుంకుమ బొట్లు, బ్యాటరీ మీద ఎండిన బంతిపూలు, ఒక మూల నల్లబడిన నిమ్మకాయ. ప్లగ్గులకు కరెంటు తీసుకుపోయే నాలుగు నల్ల వైర్లు వెనకవైపు ఒక్కచోటికి చేరే తావున పసుపు దారం చుట్లు చుట్లుగా కట్టి ఉంది. నూనె, మసి, పసుపు కలిసి దారం అసలు రంగే తెలియడం లేదు. తిమ్మప్ప దాన్ని వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు. ఎవరింటి పూజ వాళ్లది. మెకానిక్ అన్నవాడు బండిలో దేన్నైనా విప్పుతాడు గానీ పూజ చేసి కట్టినదాన్ని తెంపడు. హిందూపురంలో ఏ షెడ్డులో అడిగినా ఇదే మాట చెప్తారు.

అలా దారం జోలికి పోకుండా, దాని చుట్టూ పని చేశాడు.

ప్లగ్గులు మార్చాడు. కార్బరేటర్ విప్పి కడిగాడు. పెట్రోలు ట్యూబు ఊది చూశాడు. ప్రతిసారీ స్టార్ట్ చేయడం, ఇంజను నిలకడగా గుర్రుమనడం, కాస్త తొక్కగానే భుజాలు ఎగరేసినట్టు ఊగడం. పళ్ల మధ్య టెస్టర్ పెట్టుకుని ఒక్కొక్క సిలిండరు మీదా ఆనించి విన్నాడు. లోపల పిస్టన్ల నడక తెలుస్తోంది. వాల్వుల తట్టు తెలుస్తోంది. ఎక్కడో మధ్యలో ఒక అడుగు తప్పుతోంది. ఎందుకు తప్పుతోందో మాత్రం తెలియడం లేదు. ఇదివరకైతే ఇంతసేపు పట్టేది కాదు. ఇంజను దాస్తోందా, తన చెవి దాస్తోందా? ఈ ప్రశ్న ఆయన్ను అన్నం దగ్గర కూడా వదల్లేదు.

రోడ్డు మీద చూద్దామని పెనుకొండ దాకా తోలాడు. సోమందేపల్లి దాటి హైవే ఎక్కేదాకా బాగానే పోయింది. ఎర్రమంచి దగ్గర కొత్త కార్లను రెండంతస్తుల్లో పేర్చుకున్న పొడుగు ట్రైలరొకటి ఫ్యాక్టరీ దారిలోంచి బయటికొచ్చి వెనక చేరింది. దానికి ముందుండాలని తొక్కాడు. కారు ఎక్కిళ్లు పెట్టింది. ఇంకా తొక్కాడు. గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఊగి, చప్పబడింది. ట్రైలర్ హారను గుండెలో మోగింది. సరే, దారి ఇద్దామని స్టీరింగు ఎడమకు తిప్పాడు. ఎడమ పక్కన మోటారుసైకిలు ఉంది. అది హారను కొడుతూనే ఉందట. తిమ్మప్పకు తెలియదు. ఆ కుర్రాడు మట్టిలోకి దిగి, కిందపడబోయి, నిలదొక్కుకుని, ముందుకొచ్చి కారుకు అడ్డం పెట్టాడు.

"యోవ్, అంతసేపట్నుంచి హారన్ కొడతానే ఉండా గదా. చెవుల్లో దూది పెట్టుకున్యావా?"

తిమ్మప్ప రెండు చేతులూ జోడించాడు. ఆ కుర్రాడు కారును కింది నుంచి పైదాకా చూసి, "ముసలాయనకి స్పోర్ట్స్ కారు ఒగటి" అని ఉమ్మేసి వెళ్లాడు. ఎదురుగా పెనుకొండ కొండ ఎండలో బూడిదరంగుగా నిలబడి ఉంది. తిమ్మప్ప రోడ్డు పక్కన బండి ఆపుకుని చాలాసేపు కూచున్నాడు. తర్వాత వెనక్కి తిప్పాడు.

షెడ్డుకొచ్చి ప్లగ్గు తీసిన రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ఎర్రప్పతో స్టార్టర్ తిప్పించి, లోపలి గాలి ఒత్తిడి ఎంతుందో పాత పద్ధతిలో చూశాడు. మూడో సిలిండరు కాస్త మెత్తగా ఉన్నట్టనిపించింది. మళ్లీ చూస్తే అన్నీ ఒకటేలా అనిపించాయి. బొటనవేలు కూడా సరిగా సాక్ష్యం చెప్పలేదు. అయినా ఏదో ఒకటి తేల్చాలి. తేల్చకపోతే, తిమ్మప్పకు వినపడలేదట అంటారు. భాస్కరయ్యకు ఫోన్ చేశాడు.

"వాల్వు కాలిపోయిండాది శెట్టీ. ఇంజను పైభాగం, హెడ్ దించాల."

"దించితే మళ్లీ ఎక్కుతాదా తిమ్మప్పా? ఆ బండి సామాన్లు యాడా దొరకవంట. బెంగళూరాయన చెప్పినాడు, హెడ్ జోలికి మాత్రం పోవద్దని. బోల్ట్ ఒగటి ఇరిగినా బండి పనైపోయినట్లేనంట."

"నేనుండా గదా."

"నువ్వు చెప్పినావంటే సరే. రేపు నేనొచ్చినాక ముట్టుకో."

నువ్వు చెప్పినావంటే సరే. ఆ నమ్మకం తిమ్మప్పకు తేలు కుట్టినట్టయింది.

మర్నాడు భాస్కరయ్య బస్సులో వచ్చాడు. కారు పక్కన స్టూలు వేసుకుని, ఆపరేషన్ థియేటర్ బయట కూచున్న బంధువులాగా కూచున్నాడు. ఎర్రప్ప కూడా తమాషా చూడ్డానికి గాలి కంప్రెసర్ ఆపేసి వచ్చాడు. తిమ్మప్ప నీళ్లు తాగాడు. స్పానర్లు వరసగా పేర్చాడు. పేర్చినవాటిని తీసి మళ్లీ పేర్చాడు. హెడ్ బోల్టులకు తుప్పు వదిలే నూనె పోశాడు. ఒక్కసారి తిప్పాక ఇంక వెనక్కి పోవడానికి లేదు. చల్లని ఇనుము మీద చెయ్యి పెట్టి, ఆఖరిసారి విందామనుకున్నాడు.

"శెట్టీ, స్టార్ట్ చేసి కొంచెం కొంచెం రేజ్ చెయ్యండి."

భాస్కరయ్య లోపల కూచుని తొక్కాడు. తిమ్మప్ప టెస్టర్ పళ్ల మధ్య బిగించి వంగాడు. అదే నడక. అదే తప్పిన అడుగు. అంతకు మించి ఏమీ లేదు. అదే సమయానికి గౌరి అన్నం క్యారియర్ పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. కాసేపు చూసి ముఖం చిట్లించింది.

"ఏందయ్యా అది, చిటపట అంటాండాది? తిరగమోతలో ఆవాలేసినట్ల."

పెదాలు కదలడం చూసి తిమ్మప్ప టెస్టర్ తీశాడు. "ఏమి?"

"ఆవాలు చిట్లినట్ల అంటాండాది గదా. నీకు ఇనపడల్యా?"

"అదేం లేదులే. ఇంజను అన్నాక ఏదో ఒగటి అంటాది. క్యారేరాడ పెట్టి పో."

గౌరి క్యారియర్ పెట్టింది గానీ కదల్లేదు. భాస్కరయ్య మళ్లీ తొక్కాడు. ఆమె తల మళ్లీ ఆ వైపు తిరిగింది, పిల్లి చప్పుడు విన్న మనిషిలాగా. "ఇదిగో, మల్లా. గట్టిగా తొక్కినప్పుడే వస్తాంది." ఎర్రప్ప కూడా మెడ సాచాడు. "అవునబ్బా, టిక్ టిక్ అంటాండాది. నేను ఆ బండికి అట్లే ఉంటాదేమో అనుకుంటి."

తిమ్మప్ప టెస్టర్ పక్కన పెట్టి స్పానర్ అందుకున్నాడు. మొదటి బోల్టు మీద పెట్టాడు. ఇద్దరికి వినపడుతోంది. తనకు లేదు. ఇప్పుడు ఇంజను ఆపించి స్పానర్ తిప్పేస్తే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. చిటపట ఆగిపోతుంది, ఇక ఎవరికి ఏం వినపడిందో అడిగేవాడుండడు. హెడ్ దించాక లోపల ఏదో ఒకటి చూపించొచ్చు. కారు మళ్లీ లేచినా లేవకపోయినా, పాత బండి కదా అనొచ్చు. మెకానిక్కుకు చెప్పుకోవడానికి ఎన్ని లేవు?

లోపల భాస్కరయ్య స్టీరింగు పట్టుకుని, పిల్లల తలమీద చెయ్యి పెట్టినట్టు దాన్ని నిమురుతూ కూచున్నాడు.

తిమ్మప్ప స్పానర్ తీసి కింద పెట్టాడు.

"గౌరీ, ఇట్ల రా. యాడనుంచి వస్తాంది? సరిగ్గా చెప్పు."

"నాకేం తెలుసయ్యా ఇవన్నీ."

"చెవి పెట్టి చెప్పు. ముందు నుంచా, యెనక నుంచా?"

ఆమె కొంగు బిగించుకుని, జడ వెనక్కి వేసుకుని వంగింది. భాస్కరయ్య తొక్కాడు. ఆమె వేలు గాలిలో తిరిగి తిరిగి బానెట్ లోపల వెనక గోడ వైపు, వైర్లన్నీ కలిసే తావు వైపు నిలబడింది. పసుపు దారం దగ్గర.

తిమ్మప్ప షట్టరు సగం దించాడు. టార్పాలిన్ తెచ్చి బానెట్ మీద కప్పి, తల లోపలికి దూర్చాడు. "తొక్కండి శెట్టీ." చీకట్లో దారం చుట్ల మధ్య నీలంగా ఒక నిప్పుపురుగు పరిగెత్తింది. ఇంకోసారి తొక్కితే ఇంకోసారి. ఒక వైరులోంచి దూకి, దారం వెంబడి పాకి, పక్క వైరులోకి పోతోంది. ప్లగ్గుకు చేరాల్సిన కరెంటు మధ్యలోనే దారి తప్పుతోంది.

తల బయటికి తీసి, గుడ్డకు పెట్రోలు అద్ది దారాన్ని తుడిచాడు. పసుపు పోయింది, మసి పోయింది. కింద తెల్లగా మెరిసింది.

"శెట్టీ, ఇది ఉత్త దారం కాదు."

భాస్కరయ్య దిగి వచ్చి చూసి, వేలితో గీకాడు. పట్టు, జరీ ఆయనకు చూపించి చెప్పాల్సిన పని లేదు. "వెండి జరీ. ఇప్పటి జరీ కాదు, పాతది." వెంటనే ఇంటికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. "అమ్మా, బండికి కట్టిన దారం ఏం దారం?"

రాజేశ్వరమ్మ గొంతు గట్టిదే, తిమ్మప్పక్కూడా వినపడింది. "నా పెండ్లి చీర అంచు చినిగింటే, దాంట్లో జరీ తీసి పసుపు దారంలో పేనినా. వెండికి దిష్టి అంటదు. ఏటికి, తెగిందా?"

"తెగలేదు. అదే తగులుకోని ఇంజను ఆగిపోతాంది."

"వెండి యాడన్నా చెరుపు చేస్తాదంట్రా? ఆ మెకానిక్కు తెలీక చెప్తాండాడు."

"అమ్మా, వెండిలో కరెంటు పారతాది," అన్నాడు తిమ్మప్ప ఫోన్ వైపు వంగి. "వైర్లు పాతబడి పగుళ్లిచ్చినాయి. మీ జరీ ఆ పగుళ్లకు తగులుకున్యాది. రెండోది కట్టినాక దారి ఇంకా సులువైపోయె."

రాజేశ్వరమ్మ వెంటనే తేల్చేసింది. "తెంపొద్దు. ముడి విప్పండి. విప్పి అద్దానికి కట్టండి."

తిమ్మప్ప గౌరి వేళ్లతోనే ముడులు విప్పించి, దారాలను అద్దానికి కట్టించాడు. వైర్లు తుడిచి, పగుళ్ల మీద టేపు చుట్టి, ఒకదానికొకటి తగలకుండా విడదీసి కట్టాడు. "కొత్త వైర్లు దొరికేదాకా ఇది నడుస్తాది." భాస్కరయ్య స్టార్ట్ చేసి, కాలు పూర్తిగా నొక్కాడు. కారు ఊగలేదు. నిలబడినచోటే గట్టిగా ఊపిరి తీసుకుని, మెల్లిగా దించింది. ఎర్రప్ప చేతులు చరిచాడు. భాస్కరయ్య ముఖంలో నవ్వు వచ్చింది, వచ్చి మధ్యలో ఆగింది.

"మరి నిన్న వాల్వు అన్న్యావు గదా తిమ్మప్పా?"

అందరూ తన వైపు చూస్తున్నారు. చెప్పకపోయినా నడిచిపోయేది. దిష్టి దారం ముట్టుకోకూడదని వదిలేశానని అంటే సగం నిజమే, ఎవరూ తప్పు పట్టరు. కానీ బోల్టు మీద పెట్టిన స్పానర్ బరువు తిమ్మప్ప చేతిలోంచి ఇంకా దిగలేదు.

"ఆ చప్పుడు నాకు ఇనపడలేదు శెట్టీ. ఎండాకాలం నుంచి సన్న చప్పుళ్లు ఇనపడ్డం లేదు. ఈమె ఇనకపోయింటే హెడ్ దించేసిండేవాణ్ని."

ఎర్రప్ప చప్పట్లు ఆపాడు. టెస్టర్ మీద తను వేసిన హాస్యాలన్నీ గుర్తొచ్చినట్టు నేల చూశాడు. గౌరి మొగుడి ముఖం చూసింది. ఎండాకాలం నుంచి తను ఎన్నిసార్లు విసుక్కుందో, ఎన్నిసార్లు గోడకు చెప్పినట్టుందని తిట్టిందో లెక్క వేసుకుంటున్నట్టుంది. కోపమో ఏడుపో తెలియలేదు.

"దించింటే?" అన్నాడు భాస్కరయ్య.

"దించింటే పోయిండేది."

భాస్కరయ్య తల ఊపాడు. తిట్టలేదు. కారెక్కి కూచున్నాడు, ఇంజను నడుస్తూనే ఉంది. బెల్టు పెట్టుకున్నాడు. పెట్టుకుని, తిమ్మప్పను దాటి వెనక నిలబడిన గౌరి వైపు తల తిప్పాడు.

"ఏమమ్మా, ఇప్పుడు బాగుండాదా చప్పుడు?"

గౌరి మొగుణ్ని చూసి, కారును చూసి, "బాగుండాదన్నా" అంది.

కారు ధర్మవరం వైపు వెళ్లిపోయింది. ఎర్ర రంగు మలుపు తిరిగేదాకా తిమ్మప్ప చూస్తూ నిలబడ్డాడు. ఆ మాట తనను అడగలేదు. ముప్పై ఏళ్లుగా ఆ మాట అడిగినవాళ్లందరూ తననే అడిగారు. ఎర్రప్ప తన అంగట్లోకి పోయి, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఎవరితోనైనా కావచ్చు. టైర్ల సంగతే కావచ్చు.

"రేపు ఆస్పత్రికి పోదాం," అంది గౌరి, గట్టిగా, ఎదురుగా నిలబడి. "చెవి మిషన్ పెట్టుకోమంటే పెట్టుకుందువు. ముందు అన్నం తిను."

తినడానికి చేతులు కడుక్కుంటుండగా ఒక పాత జీపు వచ్చి ఆగింది. దాన్ని తోలుకొచ్చినాయన అద్దంలోంచి తల బయటపెట్టి, ఇంజను ఆపకుండానే ఏదో అన్నాడు. తిమ్మప్ప చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇదివరకైతే తెలిసినట్టు తల ఊపి బానెట్ ఎత్తేవాడు.

"ఏమంటాండాడే?" అని గౌరిని అడిగాడు.

ఆమె జీపాయన దగ్గరికి పోయి మాట్లాడింది. జీపాయన ఎర్రప్ప అంగడి వైపు ఒకసారి చూశాడు, తిమ్మప్ప వైపు ఒకసారి చూశాడు, గేరు వేసి వెళ్లిపోయాడు. గౌరి తిరిగొచ్చి, మొగుడి వైపు చూడకుండా క్యారియర్ మూత తీసింది.

"రేపు వస్తాడంట," అంది.

తన వైపు ఎందుకు చూడలేదో తిమ్మప్ప అడగలేదు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.